వెలుగు కిటికీకి దిగాలు మొహం

మా ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కి ఉన్న వాక్యూమ్ పంపు ఓ శుక్రవారం సాయంత్రం ఆగిపోయింది. సీనియర్ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేసేవాడు) ఒకాయన దాని ఫోటో తీసి లైన్ గ్రూపులో (ఇక్కడి వాట్సాప్ లాంటిది) పెట్టి, కింద ఒకే ఒక్క చైనీస్ అక్షరం రాశాడు. కాపీ చేసి డిక్షనరీ యాప్‌లో వేశాను. 'ప్రకాశం, కిటికీలోంచి పడే వెలుగు' అని చూపించింది. పంపు పోతే వెలుగేమిటి? కాసేపట్లో ఇంకో ముగ్గురు అదే అక్షరం పెట్టారు. ఎవరూ ఒక్క మాట కూడా అదనంగా రాయలేదు. అందరికీ అంతా అర్థమైపోయినట్టుంది, నాకు తప్ప.

నేనుండేది తైవాన్‌లో, షిన్‌చూ అనే ఊళ్ళో. సెమీకండక్టర్ ఫ్యాక్టరీలకీ, విసురుగా కొట్టే గాలికీ, బియ్యప్పిండి సేమియాకీ పేరున్న ఊరు. పీహెచ్‌డీ అంతా ఇంగ్లీషులోనే నడిచిపోతుంది కాబట్టి చైనీస్ రాకపోయినా డిగ్రీకి అడ్డమేమీ లేదు. కానీ ల్యాబ్‌లో పని మాత్రమే ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. విసుగు, జోకులు, మధ్యాహ్నం ఏం తిందామనే చర్చ, ఇవన్నీ మాండరిన్‌లోనే, అంటే ఇక్కడ మాట్లాడే చైనీస్‌లో. అందుకే సాయంత్రం క్లాసుల్లో చేరాను. అప్పటికి నాకు ఓ రెండు వందల అక్షరాలు వచ్చి ఉంటాయేమో. ఇది వాటిలో లేదు.

ఆ అక్షరం ఎలా ఉంటుందో చెబుతాను, కాగితం దగ్గరుంటే గీసి చూడండి. ఒక చదరం గీయండి. దాని లోపల పైభాగంలో రెండు ఏటవాలు గీతలు పెట్టండి, ఒకటి ఎడమ వైపు కిందికి జారేలా, ఇంకొకటి కుడి వైపు కిందికి జారేలా. వాటి కింద, చదరం అడుగు గీతకు ఆనుకుని ఒక చిన్న డబ్బా. అంతే. ఇప్పుడు కాగితాన్ని కాస్త దూరంగా పెట్టి చూడండి. కనుబొమలు రెండు పక్కలకీ వాలిపోయి, నోరు తెరుచుకుని, 'అయ్యో, అయిపోయింది' అన్నట్టు చూస్తున్న మొహం కనిపిస్తుంది. నాకూ కనిపించింది గానీ నా అంతట నేను కాదు, పక్క సీట్లో జూనియర్ అమ్మాయి ఫోన్ నా ముందుకు జరిపి, తన కనుబొమలు రెండూ కిందికి లాగి నోరు తెరిచి చూపించాక. "శ్వేజియే, ఇది చదవడానికి కాదు, చూడ్డానికి" అంది. శ్వేజియే అంటే చదువులో పెద్దదైన అక్క. ఇక్కడ జూనియర్లు పేరు పెట్టి పిలవరు, ఆ పద్ధతి మనకి హాయిగానే ఉంటుంది.

దీన్ని సరిగ్గా నేర్చుకోవాలని అప్పుడే అనుకున్నాను. కారణం ఒకటుంది. చైనీస్ నేర్చుకుంటున్నానని చెప్పగానే మన ఊరివాళ్ళందరూ అనే మాట ఒకటే: "అవన్నీ బొమ్మలు కదా!" మొదటి పాఠాలు కూడా ఆ మాటనే బలపరుస్తాయి. కొండ అనే అక్షరం మూడు శిఖరాల్లా ఉంటుంది. చెట్టు చెట్టులాగే ఉంటుంది, రెండు చెట్లు పక్కపక్కన పెడితే తోపు, మూడైతే అడవి. ఇంతవరకు పిల్లల ఆటలా ఉంటుంది. అక్కణ్ణుంచి ఆట ఆగిపోతుంది. అమ్మ అనే అక్షరంలో ఎడమ పక్క 'ఆడమనిషి', కుడి పక్క 'గుర్రం' ఉంటాయి. అమ్మకీ గుర్రానికీ సంబంధం వెతుక్కుంటూ కథలు అల్లుకునేవాళ్ళున్నారు, కార్డుల మీద బొమ్మలేసి అమ్మేవాళ్ళూ ఉన్నారు. గుర్రాన్ని 'మా' అంటారు కాబట్టి అది అక్కడ శబ్దం కోసం కూర్చుంది, అంతకంటే ఏమీ లేదు. చైనీస్ అక్షరాల్లో అత్యధికం ఇలాంటివే: ఒక ముక్క అర్థం వైపు చెయ్యి చూపిస్తుంది, ఇంకో ముక్క ఎలా పలకాలో చెబుతుంది. ఈ సంగతి ఎంత త్వరగా ఒప్పుకుంటే చదువు అంత త్వరగా సాగుతుందని నా అభిప్రాయం. మరి ఈ మొహం అక్షరం ఎదురయ్యేసరికి ఆ అభిప్రాయమే కొంచెం కదిలింది.

మా లావోషీకి, అంటే టీచరుకి, అక్షరం చూపించి నేర్పమన్నాను. ఆవిడ యాభై దాటిన మనిషి, కుంచెతో రాసే అలవాటున్నావిడ. "ఇది నా పాఠాల్లో లేదు" అంది ముందు. తరువాత నవ్వి, "ముందు కిటికీని నేర్చుకో. మొహాన్ని నీ ఫోనే నేర్పుతుంది" అంది.

కిటికీని ఎలా నేర్పిందంటే, మొదట గాలిలో. ఇక్కడ బడిపిల్లలకి అక్షరం నేర్పేటప్పుడు చూపుడువేలు ఎత్తి గాలిలో రాయిస్తారు, గీతకో అంకె పైకి లెక్కపెడుతూ. పెద్దవాళ్ళ క్లాసులో కూడా ఆవిడ అదే పద్ధతి. వియత్నాం అమ్మాయి, పోలండ్ అబ్బాయి, నేను, ముగ్గురం వేళ్ళు ఎత్తి 'ఒకటి, రెండు' అంటూ గాలిలో డబ్బాలు గీశాం. మొత్తం ఏడు గీతలు. ఎడమ నిలువు గీత ఒకటి. పైనుంచి మొదలై కుడివైపుకి వెళ్ళి, చెయ్యి ఎత్తకుండానే కిందికి దిగే గీత రెండోది. అడ్డమూ నిలువూ కలిసినా అది ఒక్క గీతే. తరువాత కనుబొమలు, ఎడమది ముందు. ఆ రెండు గీతల ఆకారం 'ఎనిమిది' అంకె అక్షరంలా ఉంటుంది. మాండరిన్‌లో నిజంగానే కిందికి వాలిన కనుబొమల్ని 'ఎనిమిది ఆకారపు కనుబొమలు' అంటారు, ఈ ఇంటర్నెట్ గోలతో సంబంధం లేకుండా. తరువాత చిన్న డబ్బాకి ఎడమ గీత, ఆపైన దాని పైభాగమూ కుడిభాగమూ కలిపి ఒక గీత. ఇక మిగిలింది ఏడోది. అన్నిటికంటే అడుగున ఎడమ నుంచి కుడికి ఒక అడ్డగీత. దాంతో పెద్ద చదరమూ చిన్న నోరూ ఒక్కసారే మూసుకుంటాయి.

పెట్టెలాంటి అక్షరాలన్నిటికీ ఉన్న సూత్రమే ఇది: మనుషులు లోపలికి వెళ్ళాకే తలుపు వెయ్యాలి. లోపల ఉండాల్సినవి రాయకుండా చదరం మూసేస్తే లావోషీ ఊరుకోదు. ఫోన్‌లో టైప్ చేసేవాళ్ళకి గీతల వరస ఎందుకని చాలామంది అడుగుతారు. చేతిరాత గుర్తుపట్టడానికి అది కావాలి. తొందరగా రాసినప్పుడు గీతలు ఒకదాంట్లోకి ఒకటి జారిపోతాయి, ఆ జారడం వరసను బట్టే ఉంటుంది. వరస తెలిస్తే హోటల్ గోడ మీద చేత్తో రాసిన మెనూ కూడా కొంచెం కొంచెంగా విడిపోతుంది.

పలకడం దగ్గర ఇంకాస్త కష్టపడాల్సి వచ్చింది. తెలుగులో దగ్గరగా రాయాలంటే 'జ్యోంగ్'. అసలు శబ్దం మన చకారానికి దగ్గరే, కానీ నాలుక ఇంకాస్త ముందుకి, పెదవులు గుండ్రంగా. మాండరిన్‌లో జంటలుగా వచ్చే హల్లుల మధ్య తేడా ఊపిరి వదలడంలోనే ఉంది. క కీ ఖ కీ మధ్య, త కీ థ కీ మధ్య ఉన్న తేడాయే అక్కడ మాటల్ని విడదీస్తుంది. మన వర్ణమాలలో ఆ జంటలు చిన్నప్పుడే నోటికి వచ్చాయి కాబట్టి ఇందులో నాకు ఇబ్బంది లేదు, పోలండ్ అబ్బాయే ఎక్కువ కష్టపడ్డాడు. నా కష్టమంతా టోన్లతో, అంటే గొంతు ఎత్తి దించే తీరును బట్టి మాట అర్థమే మారిపోవడంతో. ఈ అక్షరానిది మూడో టోన్. పుస్తకంలో దానికి లోయలాంటి గుర్తు పెట్టి, గొంతు కిందికి దిగి మళ్ళీ పైకి లేవాలని చెబుతారు. తైవాన్‌లో జనం మాట్లాడేటప్పుడు లేవడం తక్కువ, దిగి అక్కడే ఆగిపోతారు. పుస్తకం చదివి నేర్చుకున్నవాడు ఎక్కి దిగుతూ మాట్లాడితే ఇక్కడివాళ్ళకి రేడియో వార్తల్లా వినిపిస్తుందట.

దాన్ని వాక్యంలో పెట్టాలంటే మామూలుగా 'చాలా' అనే మాట ముందు చేర్చి 'హావ్ జ్యోంగ్' అంటారు. ఈ 'హావ్' కూడా మూడో టోనే. రెండు మూడో టోన్లు పక్కపక్కన వస్తే మొదటిది రెండో టోన్‌గా మారి పైకి లేస్తుంది. దీన్ని భాషాశాస్త్రం పుస్తకాల్లో ఏమంటారో తెలుసా? 'టోన్ సంధి'. ఉత్వసంధి, ఇత్వసంధి అని పదో తరగతిలో బట్టీ పట్టిన ఆ సంధే. పాణిని పరంపర నుంచి పాశ్చాత్యులు తీసుకున్న మాట, చివరికి చైనీస్ వ్యాకరణంలో నాకు ఎదురైంది. మొదటిది పైకి, రెండోది కిందికి: ఇలా అంటుంటే ఆ రెండు ముక్కల్లోనే ఒక ఉసూరుమనడం వినిపిస్తుంది. ఈ సంధి నోటికి వచ్చాకే మా వాళ్ళు నా మాటకి నవ్వడం మొదలుపెట్టారు. నా మీద కాదు, నేను చెప్పిన దానికి.

ఇక కిటికీ కథ. షూ షెన్ అనే పండితుడు క్రీ.శ. 100 ప్రాంతంలో ఒక నిఘంటువు కూర్చాడు, 121లో ఆయన కొడుకు దాన్ని చక్రవర్తికి సమర్పించాడు. 9,353 అక్షరాలను 540 శీర్షికల కింద పేర్చిన గ్రంథం అది. ఆ 540 శీర్షికల్లో మన అక్షరం ఒకటి. అల్లిక కిటికీ, తెరుచుకుని వెలుగు పడుతున్నది అని దాని వివరణ. ఇంకా వెనక్కి వెళితే, మూడు వేల ఏళ్ళకి పైబడిన షాంగ్ రాజుల కాలపు ఎముకల మీద, తాబేలు చిప్పల మీద చెక్కిన రాతల్లో దీని ఆకారం గుండ్రంగా ఉంటుంది, లోపల కొన్ని గీతలతో. అక్కడ అది ఒక చోటి పేరుగా కూడా కనిపిస్తుంది. అలాంటి ఎముకల్లో 1928 నుంచి 1937 దాకా చైనాలోని అన్యాంగ్ దగ్గర తవ్వినప్పుడు దొరికినవి చాలా భాగం ఇప్పుడు తైపేలో, అకడెమియా సినికా అనే పరిశోధన సంస్థలో ఉన్నాయి. ఒక ఆదివారం వెళ్ళి చూశాను. తాబేలు చిప్ప మీద అంత సన్నగా ఎలా చెక్కారో అనుకుంటూ నిలబడిపోయాను గానీ, నాకు చదవడానికి వచ్చినవి చంద్రుడు, వాన లాంటి కొన్ని మాత్రమే.

ఈ కిటికీ ఇంకో అక్షరంలో కూడా ఉండేది. మింగ్ అంటే వెలుగు. ఇప్పుడు దాన్ని సూర్యుడి పక్కన చంద్రుణ్ణి పెట్టి రాస్తారు, సూర్యచంద్రులిద్దరూ ఉంటే వెలుగు కదా అని మొదటి నెలలోనే నేర్పుతారు. షూ షెన్ నిఘంటువులో ఆ మాటకి ముఖ్యరూపం అది కాదు. అక్కడ చంద్రుడి పక్కన మన కిటికీ ఉంటుంది. కిటికీలోంచి పడే వెన్నెల. లావోషీ దాన్ని కుంచెతో పాత ముద్రల లిపిలో రాసి చూపించినప్పుడు, సూర్యచంద్రుల కంటే నాకు ఇదే బాగుందనిపించింది. పాతకాలంలో ఈ అక్షరాన్ని మనుషులకి పేరుగా కూడా పెట్టుకున్నారు, మన ప్రకాశం గారిలా. అడుగు గీత లేకుండా రాసే రూపం కూడా ఒకటుంది. జిన్ వంశంలో, 301లో గద్దె ఆక్రమించినవాణ్ణి దించి తానే పెత్తనం చేసిన ఒక రాజకుమారుడి పేరు ఆ రూపంతోనే, సీమా జ్యోంగ్. చరిత్ర పాఠంలో ఆ పేరు వస్తే ఇప్పటి పిల్లలు నవ్వాపుకోలేరని మా జూనియర్ చెప్పింది.

అంటే వందల ఏళ్ళు వెలుగుగా బతికి, తరువాత దాదాపు ఎవరూ రాయక మూలపడిన అక్షరం ఇది. అందుకే మొహంగా మారడం తేలికైంది. రోజూ వాడే అక్షరాన్ని చూసినప్పుడు అర్థమే ముందు తడుతుంది, ఆకారం మీదికి కన్ను పోదు. దీని అర్థం ఎవరికీ గుర్తు లేదు కాబట్టి ఆకారమే మిగిలింది.

మార్పు ఎలా జరిగిందో మా పోస్ట్‌డాక్ చెప్పాడు, అది ఆయన సొంత యవ్వనం. తైవాన్‌లో పీటీటీ అని నెట్‌లో అందరూ మాటలు రాసుకునే ఒక బులెటిన్ బోర్డు ఉంది, 1995లో నేషనల్ తైవాన్ యూనివర్సిటీ విద్యార్థులు మొదలుపెట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. నల్లటి తెర మీద అక్షరాలు మాత్రమే. బొమ్మలు పెట్టే వీల్లేదు. బొమ్మలు లేని చోట ఏడుపు మొహం పెట్టాలంటే అక్షరాలతోనే పెట్టాలి. అప్పటికే జపాన్ నుంచి ఒక గుర్తు వచ్చి ఉంది: ఇంగ్లీషు ఓ, ఆర్, జెడ్ అక్షరాలు మూడు పక్కపక్కన పెడితే చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి కుప్పకూలిన మనిషి పక్కనుంచి కనిపిస్తాడు. ఓ తల, ఆర్ చేతులు, జెడ్ కాళ్ళు. తైవాన్ కుర్రాళ్ళు ఆ తల తీసేసి దాని చోట మన కిటికీని పెట్టారు. అప్పుడు కూలిన మనిషికి మొహం కూడా వచ్చింది. కొన్నాళ్ళకి ఒళ్ళు ఊడిపోయి మొహం ఒక్కటే మిగిలింది.

2006లో ఇది పెద్ద గొడవైంది. ఆ ఏడాది యూనివర్సిటీ ప్రవేశానికి రాసే పరీక్షలో, చైనీస్ పేపర్‌లో, ఇలాంటి నెట్ భాష మీద ప్రశ్న ఇచ్చారు. దాన్ని ఇక్కడ 'అంగారక గ్రహపు లిపి' అంటారు, మనుషులు చదవలేనిది అని వెక్కిరింపు. ఆ కూలిన మనిషి గుర్తు కూడా ఆ ప్రశ్నలో ఉంది. నెట్ చూసే తీరిక, కంప్యూటర్ ఉన్న ఇళ్ళ పిల్లలకే ఇది మేలు చేస్తుందని కొందరూ, భాష భ్రష్టు పట్టిపోతోందని కొందరూ పత్రికలకెక్కారు. మా పోస్ట్‌డాక్ ఆ పరీక్ష రాసిన బ్యాచే. "జీవితంలో చైనీస్ పేపర్ చూసి నవ్వింది అప్పుడొక్కసారే" అన్నాడు.

2008కల్లా ఇది చైనాలో కూడా పాకిపోయింది, టీషర్టుల మీదికీ ఎక్కింది. దారిపొడుగునా అవస్థలు పడే మనుషుల కథతో 2012లో వచ్చిన ఒక కామెడీ సినిమా పేరులో ఈ అక్షరం ఉంది. చైనాలో వంద కోట్ల యువాన్ల వసూళ్ళు దాటిన మొదటి చైనా సినిమా అదే. ఇంతగా అతుక్కుపోవడానికి మొహం ఒక్కటే కారణం కాదని లావోషీ చెప్పింది. జ్యోంగ్ అనే అదే శబ్దంతో, అదే టోన్‌తో మరో అక్షరం ఉంది, అది నిఘంటువులో మర్యాదగా కూర్చున్న అక్షరం. ఇరుకున పడటం, చేతిలో ఏమీ లేక ఇబ్బంది పడటం దాని అర్థం. పైన 'గుహ', కింద 'ప్రభువు'. గుహ అర్థానికి, ప్రభువు శబ్దానికి. పన్నెండు గీతలు. కాబట్టి కిటికీని జనం నోటితో చదివినప్పుడు చెవికి ముందే తెలిసిన ఇబ్బంది వినిపించింది. మొహం కంటికి, పాత మాట చెవికి, రెండూ ఒకే చోట కలిశాయి. అర్థానికో ముక్క, శబ్దానికో ముక్క అనే పాత పద్ధతిలోనే ఇది కూడా పని చేసిందన్నమాట. ఇది తెలిశాక నా అభిప్రాయం మళ్ళీ దాని చోటికి వచ్చింది.

మొహాల మీద పిచ్చి పట్టిందని లావోషీకి అర్థమై, 'సరే అయితే' అని ఏడుపు, నవ్వు అక్షరాలు కూడా పక్కన రాయించింది. రెండూ పదేసి గీతలే. ఏడుపులో పైన రెండు డబ్బాలు, కింద కాళ్ళు చాచిన ఆకారం, పక్కన ఒక చుక్క. చూడగానే రెండు కళ్ళు, ఒక కన్నీటి బొట్టు అనిపిస్తుంది. నాకూ అలాగే గుర్తుంది, అలాగే ఉండనివ్వమంది లావోషీ. కానీ విడదీసి చూస్తే అవి కళ్ళు కావు, రెండు నోళ్ళు. కింద ఉన్నది కుక్క. కుక్క ఎందుకొచ్చిందో షూ షెన్ ఇచ్చిన వివరణ తరువాతి పండితులకి పెద్దగా నచ్చలేదు.

నవ్వు ఇంకా చిత్రం. పైన వెదురు గుర్తు, కింద తల వంచిన మనిషి లాంటి ముక్క. వెదురు గాలికి వంగితే, నవ్వుతో వంగిపోయే మనిషిలా ఉంటుందని టాంగ్ రాజుల కాలంలో ఒక లిపి పండితుడు చెప్పాడు. ఎంత అందంగా ఉందో! అయితే 1993లో హుబే ప్రావిన్స్‌లోని గువోద్యెన్ దగ్గర ఒక సమాధిలో వెదురు బద్దల మీద రాసిన గ్రంథాలు దొరికాయి, రెండు వేల మూడు వందల ఏళ్ళ నాటివి. వాటిలో నవ్వు అనే మాటని గడ్డి గుర్తు కింద కుక్క పెట్టి రాశారు. అంటే ఏడుపులోనూ కుక్కే, నవ్వులోనూ కుక్కే. వెదురు గాలికి వంగడం తరువాత చేర్చుకున్న ముచ్చట. అమ్మకి వీడియో కాల్‌లో ఇది చెబితే, "నవ్వినా ఏడ్చినా కుక్కలే మొరుగుతాయి మన వీధిలో, దానికి అంత పరిశోధన ఎందుకే?" అంది.

రాయడం, పలకడం వచ్చాక మిగిలింది వాడకం. దీనికి పుస్తకం లేదు, గ్రూపులో పాత మెసేజ్‌లు వెనక్కి తిప్పి చదవడమే. అలా చదివితే కొన్ని సంగతులు తేలాయి. ఈ మొహం ఎవరికి వాళ్ళు తమ అవస్థ మీద పెట్టుకునేది. బస్సు కళ్ళముందే వెళ్ళిపోయినప్పుడు, తప్పు గ్రూపులో మెసేజ్ పడినప్పుడు, ప్రయోగం అంతా అయ్యాక శాంపిల్ డబ్బా మీద లేబుల్ లేదని తెలిసినప్పుడు. ఇతరుల కష్టం మీద పెడితే వెటకారం అవుతుంది, అందులోనూ పెద్ద కష్టమైతే అసలు పెట్టరు. గ్రూపులో ఒకతని తాతగారు పోయారని తెలిసిన రోజు ఎవరూ ఏ గుర్తూ వాడలేదు, అందరూ పూర్తి వాక్యాలు రాశారు. ప్రొఫెసర్ ఉన్న గ్రూపులో ఇది కనిపించదు, ఆయన లేని గ్రూపులోనే. వయసు లెక్క కూడా ఉంది. నలభైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు ధారాళంగా వాడతారు. ఇరవై ఏళ్ళ జూనియర్‌కి ఇది కాస్త పాతకాలపు సంగతి, మన పిల్లలకి పాత సినిమా డైలాగులా. ఆమె స్టిక్కర్లు పెడుతుంది, కదిలే ఎలుగుబంట్లు, ఏడ్చే కుందేళ్ళు. లైన్‌లో వాటికి కొదవే లేదు. బొమ్మలు లేని రోజుల్లో పుట్టిన మొహానికి బొమ్మలొచ్చాక పని తగ్గింది.

ఇంకో సంగతి చెప్పాలి. మా పోస్ట్‌డాక్ ఒకసారి స్క్రీన్ మీద ఇంకో మొహం చూపించి, "ఇది మీ దేశం అక్షరమే కదా, ఎలా చదవాలి?" అన్నాడు. చూస్తే కన్నడ 'ఠ'. రెండు ఠలు, వాటి మధ్య ఒక అడుగుగీత. ఇంగ్లీషువాళ్ళు 'నాకు ఇది నచ్చలేదు' అనడానికి ఎన్నాళ్ళ నుంచో వాడుతున్న మొహం. మన ఠ కూడా దాదాపు అదే, రకారంలో చుక్క పెట్టినట్టు. చుక్క కనుపాప, పైన తలకట్టు ముడిపడిన కనుబొమ. కంఠంలో ఠ, కఠినంలో ఠ అని చెప్పి ఒత్తి పలికి వినిపించాను. ఆయనకి ఆ ఒత్తు వెంటనే పట్టుబడింది గానీ నాలుక వెనక్కి మడవడం మాత్రం చివరిదాకా రాలేదు. ఆ రోజు నుంచి నాకు తెలుగు పేపర్‌లో ఠ కనిపిస్తే అది నన్ను కోపంగా చూస్తున్నట్టుంటుంది. ఇన్నేళ్ళూ దాన్ని చదివానే గానీ చూడలేదు.

ఇలాంటిదే ఊళ్ళో కూడా మొదలైంది. దుకాణం, వ్యాపారం అనే మాటల్లో వచ్చే 'షాంగ్' అనే అక్షరం ఉంది. దాని కింది సగం మన కిటికీకి అడుగు తీసేసినట్టే ఉంటుంది, పైన టోపీ. దాన్ని వెదురు టోపీ పెట్టుకున్న దిగాలు మొహంగా నెట్‌లో ఎప్పుడో చూసేశారట. గడ్డి గుర్తు పైన పెట్టిన ఒక మూలిక పేరు ఉంది, ఎవరూ వాడనిది, దాన్ని కిరీటం పెట్టుకున్న రాణి చేశారు. షిన్‌చూలో సందుకో కన్వీనియన్స్ స్టోర్. ఏ వీధిలో తలెత్తినా ఏదో ఒక బోర్డు మీద షాంగ్ ఉంటుంది. సైకిల్ మీద వెళుతుంటే వరసగా టోపీలు పెట్టుకున్న మొహాలు.

ఫోన్‌లో దీన్ని రాయడం ఇప్పుడు చిటికెలో పని. ఇక్కడివాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో కాకుండా బోపోమోఫో అనే 37 గుర్తులతో టైప్ చేస్తారు, పిల్లలకి బడిలో అక్షరాల కంటే ముందు అవే నేర్పుతారు. జ్యోంగ్‌కి మూడు గుర్తులు, ఒక టోన్ కొట్టాలి. అప్పుడు వచ్చే వరసలో గుహ కింద ప్రభువు, కిటికీ రెండూ కనిపిస్తాయి. ఏది ఎంచుకుంటావన్నదాన్ని బట్టి నీ వయసు, నువ్వు మాట్లాడుతున్నది ఎవరితో అన్నది తెలిసిపోతుంది. లావోషీకి పంపే మెసేజ్‌లో నేను ప్రభువునే ఎంచుకుంటాను. ల్యాబ్ గ్రూపులో కిటికీ.

ప్రస్తుతం క్లాసులో ఇదే కుటుంబానికి చెందిన ఇంకో మాట మీద ఉన్నాం: గాన్-గా. నలుగురిలో ఇబ్బందిగా, ఎటూ తోచనట్టు అనిపించడానికి రోజూ నోట్లో నానే మాట ఇదే. రెండు అక్షరాలకీ ఎడమ పక్క వంకర కాలు గుర్తు. రెండోది ఏడు గీతలతో అయిపోతుంది గానీ మొదటిదానికి పదిహేడు. గళ్ళ నోట్‌బుక్‌లో ఒక పేజీ నింపితే వేలు నొప్పి పుట్టింది. ఆ పేజీ చూసి పోస్ట్‌డాక్, "నేనే చేత్తో రాసి ఎన్నేళ్ళైందో, నువ్వెందుకు రాస్తున్నావు?" అన్నాడు. అయినా ఒక కాగితం తీసుకుని మొదలుపెట్టాడు. పదో గీత దగ్గర ఆగి, ఫోన్ తీసి చూసుకుని, మిగతా ఏడూ పూర్తిచేశాడు.